రెండు వేల ఏళ్ల కత్తికి పెంబర్తి ఒర

నాలుగేళ్ల కిందట, శ్రావణమాసపు ముసురులో, హన్మకొండలోని మా ఇంటికి పొడవాటి అట్టపెట్టె ఒకటి వచ్చింది. నెలనెలా జీతంలో కొంత మిగిల్చి నేను తెప్పించుకున్న మొదటి కెల్టిక్ ఖడ్గపు ప్రతిరూపం, అంటే యూరప్‌లోని కెల్టులనే ప్రాచీన తెగల కత్తికి నకలు, అందులో ఉంది. పెట్టె విప్పి, కత్తిని ఒరలోంచి దూసి, ముందుగా మా బాపు చేతిలో పెట్టాను. ఆయన జనగామ దగ్గరి మా ఊళ్లో నలభై ఏళ్లు కొలిమి నడిపిన కమ్మరి; నాగలి కర్రులు, గొడ్డళ్లు, కొడవళ్లు ఎన్ని వేలు ఆ చేతుల మీదుగా పోయాయో లెక్క లేదు. ఆయన కత్తి మెరుపు వైపు చూడనే లేదు. అలుగును ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో పిడిని మెల్లగా అటూ ఇటూ కదిలించి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. లోపల ఏదో సన్నగా టకటకమన్నది. "పిడిల తోక సక్కగ లేదు బిడ్డా, అతుకేసిండ్రు" అన్నారు. తోక అంటే పిడి లోపలికి దూరే అలుగు కొస.

ఆయన చెప్పింది నిజమే. పిడి చివరి గుబ్బను విప్పి చూస్తే, వెడల్పాటి స్టెయిన్‌లెస్ స్టీలు అలుగుకు పెన్సిలంత లావు ఇనుప చువ్వను వెల్డింగ్ చేసి, దాని మీద పిడిని ఎక్కించారు. అమ్మినవారిని అడిగితే, ఇది గోడకు తగిలించుకునే అలంకార వస్తువే కదా అని జవాబు వచ్చింది. ఆ జవాబు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అలంకారం కోసం చేసిన వస్తువుతో ఎవరూ యుద్ధం చేయరన్నది నిజమే కానీ, ఎవరూ యుద్ధం చేయరు కనుక ఎలా చేసినా చెల్లుతుందనడం ఆ వస్తువుకు మూలమైన పనివాడిని తక్కువ చేయడమే అవుతుంది.

అతుకు కంటే పెద్ద తప్పు మరొకటి ఉంది. దాన్ని గుర్తించడానికి నాకు మరో ఏడాది చదువు పట్టింది. ఆ కత్తి పిడి మీదా, ఒర మీదా మన మెలికల ముగ్గు లాంటి ముడుల అల్లిక పోత పోసి ఉంది. ఒకే గీత తన కిందనుంచీ మీదనుంచీ దూరి, మొదలూ చివరా తెలియకుండా తిరిగే ఆ అల్లికను చూడగానే ఎవరైనా 'కెల్టిక్' అంటారు. నిజానికి అది ఐర్లాండ్, బ్రిటన్ దేశాల క్రైస్తవ మఠాలలో క్రీ.శ. 7, 8, 9 శతాబ్దాలలో వికసించిన పని. దానికి అందరికన్నా పేరున్న ఉదాహరణ, క్రీ.శ. 800 ప్రాంతపు కెల్స్ గ్రంథం అనే బైబిలు రాతప్రతి. నా కత్తి పెట్టె మీద మాత్రం, నేటి ఫ్రాన్స్, ఉత్తర ఇటలీ ప్రాంతాల కెల్టులైన గాల్‌ల పేరు పెట్టి, 'క్రీ.పూ. 3వ శతాబ్దపు గాల్ యోధుని ఖడ్గం' అని రాసి ఉంది. అంటే కోటిలింగాలలో దొరికిన శాతవాహనుల నాణేనికి నకలు తీస్తూ దాని మీద ఓరుగల్లు కీర్తితోరణం అచ్చు వేసినట్టు. అందంగానే ఉండవచ్చు, కానీ వెయ్యేళ్ల తేడా అందంలో కలిసిపోదు.

క్రీ.పూ. 3వ శతాబ్దపు కెల్టుల చేతిపని మెలికల ముగ్గు కాదు, తీగ. ఒక ఆకు వంపు నుంచి మరో వంపు పుట్టి, అది చుట్ట తిరిగి, మళ్లీ సాగి, ఎక్కడా సరిగ్గా అద్దంలో బింబంలా రెండు వైపులా సమానంగా ఉండకుండా నడిచే లత అది. ఈ శైలికి లా టెన్ అని పేరు. స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్ సరస్సులో 1857లో నీటిమట్టం తగ్గినప్పుడు, ఒడ్డున పాత కొయ్య గుంజల మధ్య ఇనుప ఆయుధాలు బయటపడిన చోటు పేరు అది. ఆ ఒక్క చోటే 160కి పైగా కత్తులు దొరికాయి. వాటిలో చాలావాటి మీద వాడిన ఆనవాళ్లు దాదాపు లేవు. దానికి ముందరి దశకు ఆస్ట్రియాలోని ఉప్పుగనుల ఊరు హాల్‌స్టాట్ పేరు పెట్టారు. అక్కడ గనుల అధికారి యోహాన్ గియోర్గ్ రామ్‌సౌవర్ 1846 నుంచి పదిహేడేళ్లపాటు దాదాపు 980 సమాధులు తవ్వించి, దొరికినవాటికి నీటిరంగుల బొమ్మలు వేయించి పెట్టాడు. ఆ బొమ్మలే లేకపోతే ఏ కత్తి ఏ సమాధిలో, ఏ పక్కన ఉన్నదో ఈనాడు చెప్పడం కష్టమయ్యేది. హాల్‌స్టాట్ కాలపు కత్తులలో కంచువీ ఉన్నాయి, ఇనుపవీ ఉన్నాయి. ఒకదాని పిడి గుబ్బ ఏనుగు దంతంతో చేసి, అంబర్‌తో, అంటే రాయిలా గట్టిపడిన పాత చెట్టు జిగురుతో, పొదిగింది.

సేకర్తగా నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది పిడి. లా టెన్ కాలపు కత్తి తవ్వకాలలో బయటపడితే సాధారణంగా దొరికేది అలుగు, దాని వెనుక సన్నగా సాగిన తోక, అంతే. పిడిని కొయ్యతోనో, కొమ్ముతోనో, ఎముకతోనో చేసేవారు కనుక రెండు వేల ఏళ్ల మట్టిలో అది మిగలదు. ఒర మూతి మీది గంట ఆకారపు వంపును బట్టి, పిడి కింది అంచు కూడా అదే వంపులో ఉండి దాని మీద కూర్చునేదని తెలుస్తుంది, మిగతాది ఊహ. కాబట్టి ఏ ప్రతిరూపమైనా అలుగు దగ్గర సాక్ష్యం, పిడి దగ్గర ఊహ అవుతుంది. మంచి పనివాడు ఆ ఊహను అదుపులో పెట్టుకుని మామూలు కొయ్య పిడి వేస్తాడు. సరుకు అమ్ముడుపోవాలనుకునేవాడు అక్కడే సింహం తలలు, పుర్రెలు, ఎర్ర రాళ్లు కుమ్మరిస్తాడు.

పిడి కూడా మిగిలిన కత్తి ఒకటుంది, దాని గురించి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఇంగ్లండ్‌లోని తూర్పు యార్క్‌షైర్‌లో, కర్క్‌బర్న్ అనే ఊరి దగ్గర 1987లో ఒక యువకుని సమాధిలో దొరికిన ఖడ్గం అది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. క్రీ.పూ. 300–200 మధ్యది. దాని మొత్తం పొడవు 70 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. దాని పిడి ఒక్కదానిలోనే ఇనుము, కంచు, కొమ్ము కలిపి 37 ముక్కలు ఉన్నాయి. ఒరతో కలిపి లెక్కిస్తే 70 దాటుతాయి. ఆ ముక్కల మధ్య నెత్తురు రంగు గాజు పొదిగారు. ఒర ముందు రేకు కంచు, వెనుక రేకు ఇనుము. ముందు రేకు మీద కిందనుంచి పైదాకా ఒకే తీగ చుట్టలు చుట్టలుగా పారుతుంది. ఆ ఒర ఒకసారి దెబ్బతింటే బాగుచేసిన గుర్తులు కూడా ఉన్నాయి. బాపుకు ఫోన్‌లో ఆ ఫొటోలు పెద్దవి చేసి చూపినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ బాగుచేసిన చోటనే వేలు పెట్టి, "ఇది ఇంకొకని చెయ్యి" అన్నారు. నిజమో కాదో పండితులు చెప్పాలి; కానీ కొలిమి ముందు జీవితం గడిపిన మనిషి చూపు నేరుగా అతుకు మీదికే పోయిందన్నది మాత్రం నేను చూశాను.

ఇక్కడ పోలిబియస్ సంగతి చెప్పక తప్పదు. క్రీ.పూ. 223లో ఉత్తర ఇటలీలో రోమన్లకూ గాల్ తెగలకూ జరిగిన యుద్ధాన్ని వర్ణిస్తూ ఆ గ్రీకు చరిత్రకారుడు, గాల్‌ల కత్తులు మొదటి దెబ్బకే వంగిపోయేవని, వాటిని నేల మీద పెట్టి కాలితో తొక్కి సరిచేసుకోవలసి వచ్చేదని రాశాడు. ఈ మాటను పట్టుకుని కెల్టుల ఇనుము పనికిరానిదని చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. తవ్వకాలలో దొరికిన కత్తులను లోహశాస్త్రజ్ఞులు కోసి పరీక్షించినప్పుడు తేలింది వేరు: కొన్ని నిజంగానే మెత్తని ఇనుముతో చేసినవి, కొన్ని చక్కటి ఉక్కువి, మరికొన్ని మెత్తని ఇనుమునూ ఉక్కునూ పొరలు పొరలుగా కలిపి అతికినవి. మా ఊళ్లో గొడ్డలికి ఉక్కు వేయించుకోవడం తెలిసినవారికి ఈ మూడో రకం కొత్త కాదు. ఒళ్లు మెత్తగా ఉంటే దెబ్బను ఓర్చుకుంటుంది, అంచు గట్టిగా ఉంటే తెగుతుంది. ఇక వంగిన కత్తుల మాటకు వస్తే, ఫ్రాన్స్‌లోని గూర్నే-సుర్-అరోండ్ ఆరాధనా స్థలంలో దాదాపు రెండు వేల ఆయుధాలను, ఆయుధ భాగాలను దేవతకు సమర్పించాక కావాలనే వంచి, విరిచి పడేశారు. చనిపోయినవాని కత్తిని మడిచి పక్కన పెట్టిన సమాధులూ ఉన్నాయి. అటువంటి మడిచిన కత్తులే పోలిబియస్ కథకు మూలమై ఉండవచ్చునని కొందరు పండితులు అనుమానించారు.

ఇదంతా తెలిసిన తర్వాత రెండో ప్రతిరూపం కొన్నాను. ఈసారి అమ్మేవారిని నేను అడిగింది మూడే విషయాలు: ఏ తవ్వకంలో దొరికిన కత్తిని చూసి దీన్ని చేశారు, తోక అలుగుతో ఒకే ముక్కగా ఉందా, బరువెంత. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పలేనివారితో రెండో ప్రశ్నకు పోనవసరం లేదు. బరువు అడగడానికి కారణం ఉంది: అలంకార కత్తులలో అలుగు మొదటి నుంచి చివరిదాకా పలకలా ఒకే మందంలో ఉంటుంది, చేతిలో పట్టుకుంటే గడ్డపారలా ముందుకు ఒరుగుతుంది. అసలు కత్తి మొన వైపు పోయేకొద్దీ పలచబడుతుంది. తొలినాళ్ల లా టెన్ అలుగులు మొన తేలి పొట్టిగా ఉంటాయి. చివరి దశవి పొడవు పెరిగి, గుర్రం మీదనుంచి నరకడానికి వీలుగా మొన గుండ్రబడుతుంది. 'గుండ్రటి మొన, క్రీ.పూ. 450' అని ఎవరైనా రాస్తే జాగ్రత్త పడాలి. అద్దంలా మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలు కూడా నాకు నచ్చదు. అది తుప్పు పట్టదు, చూసుకోనవసరం లేదు, కానీ 1910ల దాకా లోకంలో లేని లోహం. కర్బనం ఉన్న మామూలు ఉక్కు మసకగా, నీలి ఛాయతో, ఇనుములాగే కనిపిస్తుంది. ఇందులో మనవాళ్లు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది: యూరప్, అమెరికా సేకర్తల గోడల మీది ఖడ్గాలలో డెహ్రాడూన్ కార్ఖానాలలో తయారై ఎగుమతి అయినవీ ఉన్నాయి. పని తెలిసిన చేతులు మన దేశంలోనే ఉన్నాయి; కొనేవాడు సరిగ్గా అడగాలి.

చట్టం మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. పదునున్న ఖడ్గం 1959 నాటి ఆయుధాల చట్టం పరిధిలోకి వచ్చే వస్తువు. నేను సాన పట్టని అలుగులు మాత్రమే కొంటాను, బిల్లు దాచుకుంటాను, ఇంటి గోడ దాటించి ఊరేగింపులకూ ఫొటోలకూ ఎవరికీ ఇవ్వను.

ఆ రెండో కత్తి అలుగు బాగుంది, కొయ్య పిడి బాగుంది. ఒర మాత్రం చెక్క మీద నల్ల తోలు తొడిగినది. లా టెన్ ఒర అలా ఉండదు. రెండు పలచని లోహపు రేకులను ఎదురెదురుగా పెట్టి, ఒకదాని అంచును మరొకదాని మీదికి మడిచి బిగించి, కింద మొన దగ్గర లోహపు తొడుగు వేసి, వెనుక పక్క వేలాడదీసే కొక్కాన్ని రివెట్లతో బిగిస్తారు. తోలు ఒరను చూసిన ప్రతిసారీ నాకు పంటి కింద రాయి పడ్డట్టు ఉండేది. హైదరాబాదు నుంచి బస్సులో వస్తూ ఒకనాడు జనగామకు ముందు పెంబర్తి బోర్డు కనిపించింది. దేవుళ్ల తొడుగులు, రథాల రేకులు, ధ్వజస్తంభాల మీది పని తరతరాలుగా చేస్తున్న ఊరు అది. దాని ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇంతకాలం ఆ దారినే పోతూ ఎందుకు తట్టలేదా అని బాధపడ్డాను.

నేను పోయి కలిసిన పెద్దమనిషిని పేరు పెట్టి రాయను, ఆయన వద్దన్నారు. కర్క్‌బర్న్ ఒర ఫొటోను అసలు కొలతకు పెద్దది చేయించి తీసుకుపోయాను. ఆయన దాన్ని నేల మీద పరిచి, చుట్టలను వేలితో కొసదాకా నడిపించి చూసి, "తీగ మనదే తీరుగున్నది సారు, కని ఆకు ఒక్క తీరు లేదు. ఎడమకు పెద్దగున్నది, కుడికి చిన్నగున్నది. సరిజేసి కొట్టనా?" అని అడిగారు. సరిచేయవద్దని, ఆ సరిలేనితనమే దాని గుణమని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. రెండు వైపులా ఒక్కలాగే రావడం ఆయన వృత్తిలో పట్టుకున్న మొదటి నియమం. దేవుడి వెనుక మకరతోరణం ఒక పక్కకు పెరిగితే ఎవరు ఒప్పుకుంటారు? అయినా ఆయన వినిపించుకున్నారు. లక్క పరిచిన చెక్క మీద ఇత్తడి రేకును అతికించి, కాగితం మీది గీతను దాని మీదికి ఎక్కించి, సన్న ఉలితో మొదలుపెట్టారు. మొదటిసారి అలవాటు కొద్దీ తీగను ఉబ్బెత్తుగా లేపారు. అసలులో తీగ లేవదు, రేకు మీద గీసినట్టు చెక్కి ఉంటుంది. ఆ రేకును పక్కన పెట్టి రెండోది తీసుకున్నారు. ఈసారి సుత్తి దెబ్బలు మారాయి. ఒక్కొక్క దెబ్బకు ఉలి గింజంత దూరం కూడా జరగదు, వంపు దగ్గర ఆయన ఉలిని కాదు, చెక్కనే తిప్పుతారు. అలా ఒక చుట్ట పూర్తయ్యేసరికి చాయ్ చల్లారిపోయింది. మూడో రోజున నేను వెళ్లేసరికి చింతపండుతో తోమిన రేకు ఎండలో ఆరుతూ ఉంది. తీగ నీళ్లలో పారుతున్నట్టు కనబడింది.

అసలుది కంచు, మాది ఇత్తడి. కంచు పలచని రేకుగా దొరకలేదు, దొరికిందాకా ఆగే ఓపిక నాకు లేకపోయింది. ఎర్ర గాజుకు బదులు ఆయనే ఎర్ర లక్క కరిగించి పోశారు. ఈ రెండు తేడాలనూ ఒక చిన్న అట్ట మీద రాసి కత్తి పక్కన పెట్టాను. ప్రతిరూపం ఎక్కడ మూలాన్ని వదిలిందో చెప్పడం సేకర్త చేయవలసిన పనేనని నా నమ్మకం. వెనుక ఇనుప రేకు, దాని కొక్కెం బాపు చేశారు. కొక్కెం ఎటు పెట్టాలన్న దగ్గర మా ఇద్దరికీ పెద్ద చర్చ నడిచింది. గాల్‌లు కత్తిని ఇనుప లేక కంచు గొలుసుతో కుడి పక్కన వేలాడదీసుకునేవారని డయోడోరస్ అనే గ్రీకు చరిత్రకారుడు రాశాడు. "కుడి పక్కకుంటే కుడిచేత్తోని ఎట్ల దూస్తరు?" అని బాపు నమ్మలేదు. నడుముకు పాత గొలుసు కట్టుకుని, ఒరను నిటారుగా వేలాడదీసి, బొటనవేలు కిందికి తిప్పి పిడి పట్టుకుని పైకి లాగి చూశారు. కత్తి మోచేతికి తగలకుండా బయటకు వచ్చింది. ఆ డెబ్బై ఏళ్ల మనిషి ఆనాడు అదే పని పదిసార్లు చేశారు.

ఆ సాయంత్రం ఆయనే ఇంకో మాట అడిగారు. మన దగ్గరే అంత మంచి ఉక్కు పుట్టంగ, ఆ దూరదేశపు కత్తి మీద నీకెందుకు ఇంత మనసు అని. న్యాయమైన ప్రశ్న. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలలో వండిన ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవారని, అక్కడి పనిని కళ్లారా చూసిన హెన్రీ వాయ్సీ రాసినది 1832లో అచ్చయింది. 'వూట్జ్' అని ప్రపంచం పిలిచిన ఆ లోహం పేరు వెనుక ఉన్నది మన ఉక్కే. ములుగు జిల్లా దామరవాయి అడవిలో రాక్షసగుళ్లు, అంటే పెద్ద బండలతో కట్టిన పాత సమాధులు, ఉన్నాయి. దక్కనులో అలాంటి ఇనుపయుగపు సమాధులలో మనిషి పక్కన ఇనుప ఆయుధాలు పెట్టారు. హాల్‌స్టాట్ గనులవాళ్లకూ ఆ బండలు నిలబెట్టినవాళ్లకూ ఏ సంబంధమూ లేదు, ఒకరి పేరు ఒకరికి తెలియదు. అయినా రెండు చోట్లా ఇనుము కొత్తగా చేతికి వచ్చిన మనిషి దాన్ని తనతోపాటు మట్టిలోకి తీసుకుపోవాలనుకున్నాడు. కర్క్‌బర్న్ కత్తిని చూసినప్పుడు నాకు దామరవాయి బండలు గుర్తుకు వస్తాయి; నాకు దానిమీద మనసు పోవడానికి కారణం అదేనని చెప్పాను. బాపు ఊఁ అని ఊరుకున్నారు.

ఇంట్లో కార్బన్ స్టీలు కత్తి పెట్టుకునేవారికి ఓరుగల్లు వానాకాలం పరీక్షే. జులై నుంచి అక్టోబరు దాకా నేను కత్తిని ఒరలో ఉంచను, విడిగా తగిలిస్తాను; ఒరలో చెమ్మ నిలుస్తుంది, తోలు ఒరైతే తోలులోని ఆమ్లం కూడా ఇనుమును తింటుంది. నెలకోసారి మెత్తని గుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె పలచగా రాస్తాను. చేత్తో అలుగును తాకిన ప్రతిసారీ తుడవాలి, ఎందుకంటే వేలిముద్ర రెండు రోజుల్లో తుప్పు ముద్రవుతుంది. నిరుడు దసరా నాడు బాపు తన సమ్మెట, పట్టుకారులతో పాటు ఈ కత్తినీ పూజలో పెట్టి, తడి పసుపు కుంకుమతో బొట్టు పెట్టారు. పండుగ సందడిలో తుడవడం మరిచాను. పిడికి నాలుగు వేళ్ల దూరంలో రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ పడింది. నూనె, సన్న ఉక్కుపీచు పెట్టి తీసేయవచ్చు, తెలిసిన పనే. ఇంకా తీయలేదు.

ఇప్పుడు మూడో పని నడుస్తోంది. లా టెన్ కాలంలోనే, మనిషి ఆకారపు పిడి ఉన్న పొట్టి కత్తులు కొన్ని చేశారు: పైకెత్తిన రెండు చేతులు పిడి పైభాగం, చాపిన రెండు కాళ్లు కింది అడ్డు, చేతుల మధ్య తల గుబ్బ, నడుము పట్టుకునే చోటు. కంచు పోతతో చేసినవి. ఇలాంటి పని మన దగ్గర తెలిసినవారు ఆదిలాబాద్ ప్రాంతపు ఓజాలు. మట్టి దిమ్మ మీద తేనెమైనపు తీగలు చుట్టి, మళ్లీ మట్టి పూసి, మైనం కరిగి పోయిన సందులోకి ఇత్తడి పోస్తారు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అలాంటి కత్తి ఫొటోలు నాలుగు వైపుల నుంచీ ఇచ్చి వచ్చాను. పోయిన ఆదివారం మైనపు బొమ్మ సిద్ధమైందని ఫోన్ వస్తే జైనూరు దాకా వెళ్లాను. చేతులు, కాళ్లు సరిగ్గా వచ్చాయి. ముఖానికి మాత్రం ఆ చేతులకు అలవాటైన పెద్ద కళ్లు, తీగ చుట్టిన కనుబొమ్మలు వచ్చాయి. మూలంలో జుట్టు వెనక్కి దువ్వి ఉంటుంది, కళ్లు బాదం గింజలా ఉంటాయి. చేసినాయన నా ముఖం చూసి అడగకుండానే బొటనవేలితో కనుబొమ్మలను నొక్కి చదును చేసి, చీపురుపుల్లతో జుట్టు గీతలు మళ్లీ గీయడం మొదలుపెట్టారు. వానలు వెనకబట్టి మట్టి పూత ఎండితేనే పోత; దీపావళి తర్వాత రమ్మన్నారు.